కాంటా ఎక్కిన లైబ్రరీ

"నమ్ముతె నమ్ముండ్రి, లేకుంటె చాయ్ తాగి పోండ్రి. నేనైతె ఉన్నదున్నట్టు చెప్త," అనుకుంట ఆలూర్ భీమ్‌రావు బల్ల మీద కూసున్నడు, కూసున్నట్టే మళ్ల లేశిండు.

ఆర్మూర్ మార్కెట్ యార్డు గేటు ముందల గంగమణి చాయ్ హోటల్. పొద్దుగాల ఏడైంది. ముసురు వట్టి నాలుగు దినాలు. ఎదురుంగ బల్ల మీద వేల్పూర్ హన్మయ్య, ఆయన పక్కకు డిగ్రీ సదివే బిడ్డ పూజిత. హన్మయ్య రెండెకరాల పసుపుకు దుంపకుళ్లు వడ్డది. మొత్తం తవ్వి పారేసుడా, మందు వోసి సూసుడా అన్నది గియ్యాల తేల్చుకోవాలె. తవ్వెతందుకు కూలోళ్లు రేపు పొద్దుగాలనే వస్తరు. "తవ్వకు, మందుంది, పెద్ద లైబ్రరీల దొరికింది, రా చెప్త," అని రాత్రి ఫోన్ల చెప్పింది భీమ్‌రావే.

"ఏం లేదు బావా. పోయిన ఐతారం గాదు, దాని ముందటి ఐతారం మడి గట్టు మీద కూసొని ఫోన్ల హైదరాబాద్ పెద్ద లైబ్రరీ తెరిశిన. గంతే. పెద్ద పనేం గాదు, ఎవ్వలైనా తెరుస్తరు. మీదికెళ్లి ఒక డబ్బా ఉంటది, ఎతుకుడు డబ్బా. ఇదివరకైతె పుస్తకాలు ఒక దిక్కు, పాత పేపర్లు ఒక దిక్కు, నక్షలు, ఫోటోలు, పాటల రికార్డులు ఇంకో దిక్కు, ఒక్కొక్క తలుపు కాడికి వొయ్యి అడిగెటోళ్లు. గిప్పుడు గట్ల లేదు. డబ్బాల ఒక్క మాట రాస్తె అన్ని అర్రలు ఒక్కపారే ఎతికి వెడ్తది. ఊర్లూర్ల పసుపు మన యార్డుకు ఒక్క గేట్లకెళ్లే వస్తది సూడు, గట్ల. నేను 'పసుపు' అని రాసిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"చెప్పందే ఎట్ల ఎరుకైతదన్నా," అన్నది గంగమణి, గ్లాసులు కడుక్కుంట.

"ఏడు లచ్చలు వచ్చినయి. పెండ్లిల్ల పసుపు కొట్టే ఫోటోలు, నలుగు పాటలు, పసుపుపచ్చ పిట్టల బొమ్మలు, పసుపు ఓడలు వోయిన తొవ్వల నక్షలు, పసుపు దంచుకుంట కొట్లాడుకున్న ఇద్దరాడోళ్ల మీద ఎన్కటి పేపర్ల వడ్డ వార్త. ఇంకోడైతె గాబరై బందు వెడ్తడు. నేను పద్నాలుగేండ్లు మస్కట్‌ల క్రేన్ నడిపినోణ్ని, ఏడు లచ్చలకు జడుస్తనా? ఒక్కొక్కటి సదువుకుంట బొటనేలుతోని మీదికి గుంజుకుంట వోయిన. గా గుంజుడుకు గాలి లేశింది బావా. పక్కపొంటి మక్కచేను మొత్తం అటు దిక్కు ఒరిగింది. మక్క బూరు ఎగిరొచ్చి నా మీసాలల్ల వడ్డది."

"కుళ్లు సంగతి చెప్పు బావా," అన్నడు హన్మయ్య.

"వస్తున్న, ఆగు జర. నడుమల మాట్లాడితె నాకు తప్పిపోతది." భీమ్‌రావు రోడ్డు దాంక వొయ్యి అటిటు సూశి, తువ్వాల ఈ బుజం మీదికెళ్లి ఆ బుజం మీదికి మార్చుకొని మళ్లొచ్చిండు. "ఏడున్న? ఆఁ, మీసాలు. గా ఎతుకుడుకు ఫోన్ కాలుతుంది, చేతిల వట్టరాదు. మోటరు డబ్బా మీద వెట్టిన. వెట్టంగనే కరెంటు లేకుంటనే మోటరు నడిశింది. మా ఊరోళ్లంత ఉరికొచ్చి కరెంటొచ్చిందని వాళ్ల వాళ్ల మోటర్లు చాలు చేసుకున్నరు, నేను వద్దన్లె. గంతట్ల ఫోనొచ్చింది. ఎవరనుకున్నరు? లైబ్రరీల పెద్ద సారు. 'అయ్యా, ఆలూర్ భీమ్‌రావేనా, జర మెల్లగ ఎతుకుండ్రి. ఈడ అర్రలన్ని ఖాళీ అయినయి, పుస్తకాలన్ని మీ దిక్కే వస్తున్నయి, సదువుకుందామని వచ్చినోళ్లు ఉత్త బల్లలు సూసుకుంట కూసున్నరు' అన్నడు. 'ఫికర్ చెయ్యకు సారూ, పొద్దుమీకెవరకు మళ్ల పంపిస్త' అన్న."

"పంపినవా?" అన్నది గంగమణి.

"ఎట్ల పంపుత? ఫోన్ లేస్తెనా? ఏడు లచ్చల బరువాయె. నలుగురం వట్టి ఆటోల ఏస్తె ఆటో ముందటి గీర గాల్లకు లేశింది. గట్లనే హైవే మీది లారీల కాంటా కాడికి తీస్కవోయినం. ఇరవై రెండు టన్నులు తూగింది. కాంటాయన ఏం లోడు అని అడిగిండు. కాయితం లోడు అన్న. చీటి గూడ రాసిచ్చిండు."

"ఏది, చీటి సూపెట్టు."

"వాన్ల నానింది గంగమణీ, అన్ని చీటీలు దాసుకుంటమా ఏంది. అసలు ముచ్చట గిది గానే గాదు. లైబ్రరీల ఎన్కటోళ్ల గొంతులు గూడ ఉంటయి, రికార్డులు. వింటున్న. నడుమల ఒక గొంతు పాట బందు వెట్టి 'ఓరి భీమ్‌రావూ' అని పిలిశింది. ఎవరు? మా తాతకు తాత. మైకు పుట్టకముందటి మనిషి."

"మైకు పుట్టకముందు రికార్డెట్ల చేసిండ్రు మామా?" అన్నది పూజిత.

"నేనూ గదే అడిగిన బిడ్డా. పెద్దోళ్లకు ఎదురు చెప్తవా అని రెండు తిట్లు తిట్టిండు. తిట్టినంక పసుపు సంగతి మొదలుకెళ్లి చెప్పుకొచ్చిండు, ఆయన చెప్తుంటె ఫోటోలల్ల మనుషులు ఒక్కొక్కలే మడిలకు దిగి..."

"బావా," హన్మయ్య చాయ్ గ్లాసు కింద వెట్టిండు. తాగనే లేదు. "నా మడి కంపు కొడుతుంది. మొక్క వట్టుకుంటె ఊశి చేతిలకొస్తుంది. ఐదు నెలల పంట. మా నాయిన నాటి ఇత్తనం అది, గిది పోతె వచ్చే యేటికి నాటుకుందామన్న దుంప లేదు. రాత్రి కంటి మీద కునుకు లేదు. నువ్వు మందుందన్నవని పొద్దుగాల మొకం గూడ కడుక్కోకుంట వచ్చిన. గాలి వద్దు, కాంటా వద్దు. మందు పేరు చెప్పు, నేను వోత."

భీమ్‌రావు వచ్చి బల్ల మీద కూసున్నడు. కాలు మాత్రం ఆడిస్తనే ఉన్నడు.

"ఉంది. ఒక పుస్తకం ఉంది. నైజాం కాలంల ఒక ఆఫీసరు గుర్రం మీద గీ ఊర్లన్ని తిరిగి, మడి మడిల దిగి, దుంపకుళ్లు మీద రాశిండు. రెండు వందల పన్నెండు పేజీలు. నూట నలభయ్యో పేజిల మందుంది. ఎంత పొయ్యాలె, ఎప్పుడు పొయ్యాలె, అన్ని రాసున్నయి. నేను ముప్పైసార్లు సదివిన."

పూజిత అప్పటికే ఫోన్ తీసింది. గా డబ్బాల ఉత్త 'పసుపు' అని రాయలె, దాని పక్కకు 'దుంపకుళ్లు' గూడ రాసింది. ఏడు లచ్చలు రాలె. పదకొండే వచ్చినయి.

"నాయినా, నిజంగనే ఉన్నది. మూడోది. నైజాం కాలందే. రెండు వందల పన్నెండు పేజీలు."

హన్మయ్య లేశి బిడ్డ బుజం మీదికెళ్లి తొంగి సూశిండు. గంగమణి గూడ చేతులు తుడుసుకొని వచ్చింది.

"సూశిండ్రా? నేను అబద్దం చెప్తనా?" అన్నడు భీమ్‌రావు.

పూజిత ఇంకా కిందికి సదువుతుంది. సదివి, తలకాయ లేపి, మెల్లగ అడిగింది. "మామా, గీ పుస్తకం ఫోన్ల తెరుసుకోదు. పేరొక్కటే కానొస్తది, లోపటిది ఒక్క పేజి గూడ పెట్టలె. సదవాలంటె హైదరాబాద్ లైబ్రరీకి వొయ్యి ఆడనే కూసొని సదవాలె అని రాశిండ్రు. నూట నలభయ్యో పేజి నువ్వెట్ల సూశినవ్?"

భీమ్‌రావు కాలు ఆడిచ్చుడు బందైంది. తువ్వాల తీసి మొకం తుడుసుకున్నడు.

"సూడలె బిడ్డా. పదకొండు దినాల సంది దాన్నే నొక్కుతున్న, తెరుసుకుంటలేదు. నాది మూడెకరాలు. నీ మడికన్న ముందుగాల నాదే కుళ్లింది బావా. ఎవ్వలికీ చెప్పలె, సిగ్గైంది. రాత్రి నువ్వు తవ్వుతనంటె పాణం ఆగలె, మందుందని నోట్లకెళ్లి వచ్చింది."

హన్మయ్యకు కోపమొచ్చింది. "పదకొండు దినాలు నొక్కుకుంట కూసున్నవా? బస్సెక్కితె నాలుగు గంటల తొవ్వ. పోకపోతివి?"

"భయమైంది. గంత దూరం వొయ్యి తెరిస్తె దాంట్ల మందు లేదని ఉంటె? తెరవనంత సేపు ఉన్నట్టే గదా బావా."

హన్మయ్య రోడ్డు దిక్కు సూశిండు. హైదరాబాద్ బస్సు వానల మెల్లగ వస్తుంది. ఆయన భీమ్‌రావు రెక్క వట్టి లేపిండు.

"లేకుంటె లేదనే సదువుకొనొద్దాం, లే. మిగిలిన కోతలు బస్సుల కొయ్."