సింధూరికి కొనిచ్చినోడు

చెన్నై వ్యాసర్పాడిలోని ఇరుకింట్లో అవ్వ సంచి సర్దుతోంది. తాత కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు.

"పొద్దున్నే యాడికే?"

"స్టేషనుకి. మనవరాలు పిల్లల హోమ్ నుంచి కనబడకుండా పోయిందని కేసు రాయించాల."

"హోమ్ మేడం చెప్పింది గదా. రెండు తూర్లు పోయి తనే వచ్చింది, ఈ తూరీ వస్తాదంట."

"వచ్చింది, సరే. మొదటి తూరి ఏం తెచ్చుకునింది?"

"కొత్త చెప్పులు."

"రెండో తూరి?"

"ఫోను. ఎవురో అన్న కొనిచ్చినాడనింది."

"తల్లి లేని పిల్లకి ఊరికే కొనిస్తాడా? వాడెవుడని ఆ మేడం ఒక్క మాట అడగలే."

"స్టేషన్లో మాత్రం అడుగుతారా? తిరుగుబోతు పిల్ల అని మన మొహానే అంటారు."

"అననీ. తను మనింటికి వచ్చినప్పుడు ఈడ వదిలిన ఫోను అట్టపెట్టె సంచిలో పెట్టినా. దాని మీద మనలి ఏరియాలోని అంగడి పేరుంది. కొన్నోడెవుడో పోలీసోళ్లే పోయి కనుక్కోనీ."

"రాసుకోకపోతే?"

"పిల్లలు కనబడకపోతే వెంటనే రాసుకోవాలని పేపర్లో చదివినా."

"పేపర్లు చదివి లాయరమ్మ అయిపోయినావే!"

"అయినా. రాసేదాకా ఆడనే కూర్చుంటా. పెరుగన్నం కూడా కట్టినా."

"నీ ఒక్కదానికేనా?"

"ఇద్దరికీ. లేయండి."

"ఉండు, చొక్కా తొడుక్కోనీ. ఆడ అడిగితే ఏం చెప్తావు?"

"ఉండేది చెప్తా. సింధూరి, పద్నాలుగేండ్లు. మొన్న ఆదివారం సాయంత్రం హోమ్ నుంచి పోయింది. ఈ పొద్దుటి దాకా తిరిగి రాలేదు."