ఇంకా పిలవలేదు

హామిల్టన్ సిటీ బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు. టై కట్టుకున్నవాడు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తున్నాడు, రెండోవాడు తోడు వెళ్తున్నాడు. ముందు టై కుర్రాడే అందుకున్నాడు.

“నిన్న మన ఇంటి ఓనర్ తాత ఆ ఫోటో చూపిస్తుంటే నవ్వాపుకోలేక చచ్చాన్రా. బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో పిచ్చరంట! పిచ్చరంటే మన బౌలరేగా. ఆడింది ఒకే ఒక్క మ్యాచ్.”

“మేజర్ లీగే కదరా, దానిపైన ఇంకో లీగ్ లేదు.”

“వేసిన బాల్ వేసినట్టే ఉతికేశారంట. తెల్లారే మళ్ళీ చిన్న లీగ్‌కి పంపేశారు. దానికింత బిల్డప్పా?”

“ఒకణ్ణి ఔట్ చేశాడుగా.”

“ఒక్కణ్ణే!”

“సరే, నువ్వు కాఫీ షాప్‌లో ఎన్నాళ్ళు చేశావ్?”

“అది... ట్రైనింగ్ షిఫ్ట్ రా.”

“మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. రెజ్యుమేలో ఏం రాశావ్?”

“కస్టమర్ సర్వీస్ ఎక్స్‌పీరియెన్స్.”

“ఎవరికి చేశావ్ సర్వీసు?”

“ఒక ముసలావిడకి టీ ఇచ్చా. థాంక్యూ కూడా చెప్పింది.”

“అంటే నువ్వూ ఒకణ్ణి ఔట్ చేశావన్నమాట.”

“నవ్వకురా బాబూ. అక్కడెందుకు మానేశావని ఇవాళ అడిగితే ఏం చెప్పాలి?”

“తాత దగ్గర నేర్చుకో. ఎప్పుడు రిటైరయ్యారని పొద్దున అడిగా. ‘రిటైరెక్కడయ్యాను? వాళ్ళింకా పిలవలేదంతే’ అన్నాడు. ఈ వయసులో!”

స్టాప్ వచ్చింది. టై కుర్రాడు లేచి, ముడి సర్దుకున్నాడు.

“ఒరేయ్, అది ఇంగ్లీషులో ఎలా అన్నాడో ఇంకోసారి చెప్పు.”