మా బావ పాడుచేసిన సామాన్లు

ఏమే, ముఖం అలా వేలాడేసుకుని వచ్చావు? ఇవాళ కూడా పిల్లలు రాలేదా మీ సెంటరుకి? రారే తల్లీ, ఎందుకొస్తారు. పొద్దంతా బళ్ళో బెంచీల మీద కూర్చుని వచ్చినవాళ్ళని సాయంత్రం మళ్ళీ చాప మీద కూర్చోబెట్టి లెక్కలు చెయ్యండి అంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు. ఆ సంచీ అక్కడ పడేసి ఇలా రా, కాళ్ళు చాపుకో. మీ పెద్దతాత సంగతి నీకెప్పుడైనా చెప్పానా? మా అక్క మొగుడు, మా బావ. ఫొటోలో చూశావుగా, చెవులు ఇంతింత ఉంటాయి. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఆయనా నీలాగే మొదలుపెట్టాడు, నీలాగే ముఖం వేలాడేశాడు. నీకున్నన్ని చదువుల్లేవు, అంతే తేడా.

అప్పుడు మేం క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అక్కావాళ్ళది కింది వాటా, మాది ఎదురుగా. ఇంటింటా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డ్యూటీలకి పోయేవాళ్ళే. పిల్లలు మెడలో తాళంచెవి వేసుకుని బళ్ళోంచి వచ్చి, ఆ తాళం తీసి, పుస్తకాల సంచీ లోపలికి విసిరేసి, మళ్ళీ తాళం వేసి వీధిలోకి. వీధి చివర గేటు దగ్గర ఓ నలుగురు పెద్ద కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. సిగరెట్లూ పేకముక్కలూ, ఇంకా ఏవేవో. మన పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అటు జారుకునేవాళ్ళు. చిన్నప్పుడు నా ఒళ్ళో ఆడుకున్నవాడు గేటు దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు ఓసారి. సరే, బావ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి అప్పుడే రిటైరయ్యాడు. రిటైరైన మగాడు ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో నీకింకా తెలీదులే. మా అక్క డబ్బాలన్నీ దించి, పొడుగు ప్రకారం సర్దేవాడు. అది వంట చేసుకోవాలంటే వెతుక్కోలేక చచ్చేది. ఓ రోజు చేతులు జోడించి, "ఏమండీ, బయటికి పోయి ఏదైనా మంచిపని చేసుకోండి, మీకు పుణ్యముంటుంది" అంది. బావ దాన్ని నిజంగానే తీసుకున్నాడు.

మెట్ల కింద పాత పంపు గది ఒకటి ఖాళీగా పడుండేది. క్వార్టర్ల సెక్రటరీని బతిమాలి దాని తాళంచెవి తెచ్చుకున్నాడు. సెక్రటరీ అంటే మీసాలాయన. ఆ మీసాల మీద పెట్టిన శ్రద్ధలో సగం క్వార్టర్ల మీద పెట్టుంటే మేడ మీదవాళ్ళ మోకాళ్ళు అరిగేవి కాదు, లిఫ్టు వచ్చేది. ఏం చెప్తున్నాను? ఆ, గది. తలుపు మీద "సాయంత్రం చదువు, ఉచితం" అని బోర్డు రాసి పెట్టాడు బావ. మొదటిరోజు గదినిండా వచ్చారు. వారం తిరిగేసరికి ఇద్దరు మిగిలారు. అందులో ఒకడు నిద్రపోయేవాడు, రెండోవాడు వాణ్ణి లేపి ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన అన్న.

మరి ఎలా కుదిరిందంటే, ఓ సాయంత్రం గదిలో ట్యూబ్‌లైటు ఆగిపోయింది. మెయిను కట్టేసి, స్టూలెక్కి, నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని ఈయన విప్పుతున్నాడు. కిందికి చూస్తే గుమ్మం నిండా తలకాయలు. "నేను పట్టుకుంటా మావయ్యా", "కాదు నేను, నేను ముందొచ్చా". అంతే, మర్నాడు బోర్డు పీకేశాడు. ఇంటింటికీ తిరిగి పాడైన సామాన్లన్నీ పోగేశాడు. ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, రేడియోలు, టార్చీలు. ఇక చూడాలి ఆ గదిని. పిల్లలు ఆయనకి ఫ్యూజు మావయ్య అని పేరు పెట్టారు. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుందే అమ్మాయ్. ఒకడు వైరు చుట్టుకుంటూ, "మా నాన్న రాత్రి అమ్మని కొట్టాడు" అనేవాడు, తల ఎత్తకుండా. ఇంకొకతె స్క్రూలు ఏరుకుంటూ పరీక్ష తప్పానని చెప్పేది. బావ కూడా తల ఎత్తేవాడు కాదు. "ఊ, ఆ పట్టకారు ఇటివ్వు. తర్వాతేమైంది?" అనేవాడు. అంతే. ఆ తర్వాతెప్పుడో వెళ్ళి ఆ నాన్నతోనో ఆ మేష్టరుతోనో మాట్లాడేవాడు.

వాళ్ళలో ఓ పిల్ల ఉండేది. పదిహేనేళ్ళుంటాయి. దేన్నీ నమ్మదు. కరెంటు కట్టేశానంటే నమ్మదు, టెస్టరు పెట్టి చూసుకుని గానీ చెయ్యి పెట్టదు. అందుకని టెస్టరు అనే పిలిచేవాళ్ళు. వాళ్ళన్న దొంగతనం కేసులో జైల్లో ఉన్నాడు. తల్లి ఆసుపత్రిలో ఊడ్చే పని. దాంతో ఆ పిల్లకి ఊరంతా దొంగ చెల్లెలు అనే పేరు. ఒక్క ఆ గదిలోనే దాని పేరు టెస్టరు. ఇంటింటికీ వెళ్ళి సామాను తెచ్చేదీ, బాగయ్యాక ఇచ్చి వచ్చేదీ అదే. కావాలనే ఆ పని దానికిచ్చాడు బావ. మొదట్లో తలుపు సగం తెరిచి మాట్లాడినవాళ్ళే, తర్వాత్తర్వాత "రావే టెస్టరూ, కూర్చో" అనేదాకా వచ్చారు. దాని నడకే మారిపోయింది.

ఇప్పుడు అసలు తమాషా విను. బాగు చేస్తూ పోతే పాడైనవి అయిపోవూ? క్వార్టర్లలో తిరగని ఫ్యానంటూ లేకుండా పోయింది. గదిలో పిల్లలు ఖాళీగా కూర్చున్నారు. ఖాళీగా కూర్చున్నవాళ్ళు రెండోరోజు రాలేదు. మూడోరోజు ఇద్దరు గేటు దగ్గర కనిపించారు. అప్పుడు మొదలుపెట్టాడమ్మా మా బావ. పొద్దున ఇళ్ళల్లో ముసలివాళ్ళే ఉంటారుగా, "వైరింగు చూసి పెడతానమ్మా, డబ్బులొద్దు" అని పెద్దమనిషిలా లోపలికి పోవడం, బంగారంలా తిరిగే ఫ్యాను వెనక ఓ వైరు వదులు చేసి రావడం. షాకు కొట్టేలా కాదులే, ఊరికే ఆగిపోయేలా. సాయంత్రానికి ఆ ఫ్యాను పిల్లల చేతుల్లో. నా ఇస్త్రీపెట్టె మూడుసార్లు పోయింది. నేను పిచ్చిదానిలా, ఎంత మంచిపిల్లలో, ఎన్నిసార్లు పాడైనా విసుక్కోకుండా చేసిపెడతారు అని అందరికీ చెప్పుకునేదాన్ని.

అక్కడితో ఆగితే బాగుండేది. రెండో అంతస్తులో టైలరమ్మ ఉండేది. ఆవిడ మిషనుకి మోటారు బిగించి ఇచ్చింది కూడా ఈయనే. పిల్లలు మోటార్ల పని బాగా నేర్చుకున్నారు కదా అని సంబరపడిపోయి, వాళ్ళకి కాస్త గట్టి పరీక్ష పెడదామని, ఆ మోటారు లోపల వైరు ఏకంగా కోసేశాడు. ఆవిడకి ఆ వారమే బడి యూనిఫారాల పని వచ్చిందని ఈయనకేం తెలుసు? తెలుసుకోవద్దూ? ఆవిడ లబోదిబోమని మోటారుతో సహా కిందికి దిగి వచ్చింది. గది చుట్టూ జనం. పిల్లలు మోటారు విప్పారు. ఓ బుడంకాయ లైటు కింద పెట్టి చూసి, "మావయ్యా, ఇది తెగలేదు. కోశారు" అన్నాడు. నేర్పినవాడు ఈయనే మరి. కాలిన వైరు ఎలా ఉంటుంది, కోసిన వైరు ఎలా ఉంటుంది, ఒకటికి పదిసార్లు చూపించాడాయె. ఇంకో పిల్ల, "మొన్నటి ఫ్యానులో కూడా విప్పినట్టే ఉంది" అంది. అందరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. మీసాలాయన గొంతు సవరించుకుని, "అందరిళ్ళల్లోకీ వెళ్ళి వచ్చేది ఎవరు?" అన్నాడు. "నిప్పు లేనిదే పొగ రాదు, అన్న బుద్ధి ఎక్కడికి పోతుంది" అని వెనక నుంచి ఎవరో.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారే, మా బావ తడుముకోలేదమ్మా. రాయిలా నిలబడ్డాడు. టెస్టరు ఆయన వంకే చూసింది. ఈయన ఒక్కమాట అంటాడేమోనని చూసింది. ఈయన అనలేదు. అది చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళిపోయింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోలేదు ఆయన. అక్క నిలదీస్తే అప్పుడు కక్కాడు. నేనక్కడే ఉన్నాను. నా ఇస్త్రీపెట్టె సంగతి కూడా అప్పుడే తెలిసింది. "చెప్తే తాళంచెవి లాక్కుంటారే. గది పోతే ఇంతమంది పిల్లలూ మళ్ళీ గేటు దగ్గరికే పోతారు. ఒక్కదాని కోసం అందరినీ ఎలా వదిలెయ్యను?" అన్నాడు. మా అక్క మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టి, "ఆ ఒక్కదాన్ని గేటు దగ్గరికి పంపింది మీరే కదండీ" అంది.

పొద్దున్నే ఆ పిల్ల ఇంటికి పోయాడు. నన్ను తోడు రమ్మన్నాడు, పోయాను. పిల్ల లేదు. తల్లి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది. ఈయన గుమ్మంలోనే నిలబడి ఉన్నదంతా చెప్పి, తప్పయిపోయిందమ్మా అన్నాడు. ఆవిడ విని, "నాకు చెప్తే ఏం లాభం బాబూ? నా కూతుర్ని నేనెప్పుడూ దొంగ అనలేదు. అన్నవాళ్ళకి చెప్పండి" అంది. చెంప మీద కొట్టినట్టుంది మా ఇద్దరికీ. వచ్చేటప్పుడు గేటు దగ్గర చూశాం ఆ పిల్లని. ఆ నలుగురి మధ్య, గోడకి ఆనుకుని, ఎవరో ఇచ్చిన సిగరెట్టు వేళ్ళ మధ్య తిప్పుతోంది. ఇంకా వెలిగించలేదు. బావని చూసి చూడనట్టు తల తిప్పుకుంది.

ఆ సాయంత్రమే మెట్ల మీద నిలబడి అందరి ముందూ చెప్పాడు. ఏ ఇంట్లో ఏది, ఎలా పాడుచేశాడో ఒక్కటీ దాచకుండా. మొదట కొందరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ముసలాడికి పోయేకాలం" అన్నారు, "నమ్మి ఇంట్లోకి రానిస్తే" అన్నారు. టైలరమ్మ మాత్రం ఏడ్చింది, ఆ యూనిఫారాల పని చెయ్యిదాటిపోయింది పాపం. మీసాలాయన చెయ్యి చాపాడు, ఈయన తాళంచెవి పెట్టేశాడు. పిల్లలు కూడా వెళ్ళిపోయారే. వాళ్ళకి మరీ కోపం. తాము బాగుచేశామని గొప్పగా చెప్పుకున్నవన్నీ పాడైనవే కాదని తెలిస్తే కోపం రాదూ? ఈ గొడవంతా జరిగినా ఆ పిల్ల జాడ లేదు.

మర్నాటి నుంచి బావ సాయంత్రం కాగానే గది బయట ఆ మెట్టు మీదే కూర్చునేవాడు, ఒళ్ళో పనిముట్ల సంచీ పెట్టుకుని. ఎవరూ రారు. మా అక్క లోపలికి రమ్మంటే, "ఉండవే, వేళ కాలేదు" అనేవాడు. ఏం వేళో. చూడలేక నేను తలుపు వేసుకునేదాన్ని. ఎన్నిరోజులు కూర్చున్నాడో లెక్క లేదు. ఓ సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. చంకలో రేడియో. వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక్క రేడియో, తల్లి పొద్దున్నే వింటుంది దాన్ని. తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. పై మెట్ల మీద పిల్లలు ఒక్కొక్కళ్ళే తొంగి చూస్తున్నారు. "ఏమైందమ్మా దీనికి?" అన్నాడు బావ, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ. ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, క్వార్టర్లన్నీ వినేలా, "పాడుచేశాను. నేనే పాడుచేశాను. ఎక్కడ చేశానో కనుక్కో చూద్దాం" అంది.

బావ విప్పాడు. చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ప్రతి అతుకూ లాగి చూశాడు. పిల్లలు ఒక్కో మెట్టూ దిగి చుట్టూ మూగారు. "అక్కడ కాదు మావయ్యా" అని ఒకడు, "నువ్వు చెప్పకురా" అని ఆ పిల్ల వాడి నెత్తి మీద ఒకటిచ్చింది. చీకటి పడుతున్నా వదల్లేదు ఆ మనిషి. చివరికి స్క్రూడ్రైవరు ఆ పిల్ల చేతిలో పెట్టి, "నావల్ల కాలేదే టెస్టరూ, నువ్వే చూపించు" అన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మా అక్క కిటికీలోంచి అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఆ పిల్ల ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. జరగమంది ఆయన్ని. జరిగాడు. ఆ తర్వాత గది ఎప్పుడిచ్చారో, అసలు ఇచ్చారో లేదో కూడా ఎవరూ పట్టించుకోలేదు, మెట్ల మీదే జరిగేది అంతా.

నిజంగా దొరకలేదంటావా? ముప్ఫై ఏళ్ళు కరెంటు పని చేసినవాడికి రేడియోలో ఓ లోపం దొరకదా? నాకు అనుమానమే. ఎన్నిసార్లు అడిగానో. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో కూడా, "ఇప్పుడైనా చెప్పు బావా" అన్నాను. ఆయన నా వంక చూసి, ఆ పెద్ద చెవులు కదిలేలా నవ్వాడే గానీ...

ఆ లైటు వెయ్యవే. ఏమీ కనపడ్డం లేదు.