వీధి దీపాల నూనె

గ్రీన్లాండ్ తీరాన మంచు తుఫాను. ఇంటిని వెచ్చబెట్టే కొవ్వు దీపం ఆరిపోయింది. వీపున పాప బోలెత్తెతో, కొవ్వు కోసం కంపెనీ కొట్టుకి వెళ్లిన ఆమె తిరిగొచ్చేసరికి మొగుడు గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు.

“కొట్టు దొర ఏమన్నాడే?”

“కాఫీ కోసం కొవ్వంతా అమ్ముకున్నారుగా, ఇప్పుడది రాజుగారి కంపెనీ సొత్తు అన్నాడు.”

“నేను సముద్రంలో వేటాడిన సీళ్ల కొవ్వేగా! దీపంలోకి గిన్నెడు పోస్తే వాళ్ల సొమ్మేం పోయింది?”

“ఓడలో వాళ్ల దేశం పోవాలట. ఆ నూనెతో అక్కడ వీధుల్లో దీపాలు పెడతారట.”

“వీధులకా? వీధులకి చలేస్తుందా?”

“అదే అడిగాను. నవ్వి, గుప్పెడు కాఫీ గింజలు చేతిలో పోశాడు.”

“దేనిమీద కాచుకోమని? సరే, బోలెత్తెని ఇటియ్యి. నా ఒళ్లో వెచ్చగా పడుకుంటుంది.”

“వద్దయ్యా.”

“దించవే, ఎంతసేపు మోస్తావ్?”

“కొట్టు గుమ్మంలోనే చల్లబడిపోయిందయ్యా. దించితే చలేస్తుందని దించలేదు.”