హీటర్లు బాగయ్యాక నేను చెప్పని మాట

నా వయసు యాభై ఒకటి. వృత్తి డీజిలు కార్ల మెకానిక్కు. పేరు, ఇంటి చిరునామా పైన రాసుకున్నారు కాబట్టి మళ్లీ చెప్పడం లేదు. పొగ రంగు చూసి బండి జబ్బు చెబుతానని మా వీధిలో నన్ను పొగడాక్టరు అంటారు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని. పోలీసు స్టేషనుకు నన్ను ఎవరూ పిలవలేదు, నా అంతట నేనే వచ్చాను. నిన్న శుక్రవారం ఉదయం ఏడు గంటల ఇరవై అయిదు నిమిషాలకు గడియారాలు బాగుచేసే ఆయన ముఖం కాలింది. ఆ సంగతి చెప్పడానికి వచ్చాను.

ఆ కారు అమ్మింది మా అక్క భర్త. మా బావకు పాత కార్లు కొని అమ్మే వ్యాపారం. రెండు నెలల కిందట గడియారాలాయన, ఆయన భార్య టీచరమ్మ కలిసి దాన్ని కొన్నారు. ఇద్దరూ నడుపుతారు. పొద్దున బడికి మాత్రం టీచరమ్మే తీసుకెళ్తారు.

సోమవారం ఉదయం పది గంటలకు గడియారాలాయన కారును నా షెడ్డుకు తెచ్చారు. "పొద్దున్నే లేవనని మొండికేస్తోందండీ. లేచాక కూడా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది" అన్నారు. నేను తాళం తిప్పాను. ఒక్క దెబ్బకే స్టార్టయింది. ఆయన నొచ్చుకున్నారు. "చూశారా, మీ ముందు బుద్ధిమంతురాలైపోయింది. నన్ను అబద్ధాలకోరును చేసింది" అన్నారు. ఇరవై నిమిషాలు నడిపి తెచ్చిన బండి అలాగే చేస్తుంది. "వేడి ఇంజను నిజం చెప్పదు సార్. ఇక్కడ వదిలేసి వెళ్లండి. రేపు పొద్దున చల్లారిపోయాక మొదటి సెల్ఫ్ నేనే కొట్టాలి. ఈలోగా ఎవరూ తాళం ముట్టుకోకూడదు" అన్నాను. నా పద్ధతి అది. వెళ్తూ వెళ్తూ ఆయన, "మీ బావగారు చెప్పిన చిట్కాతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం" అన్నారు. ఏ చిట్కా అని నేను అడగలేదు.

మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ముందు బ్యాటరీ చూశాను, బాగుంది. డీజిలు గొట్టంలో గాలి బుడగలు ఉన్నాయేమో చూశాను, లేవు. అప్పుడు సెల్ఫ్ కొట్టాను. పద్నాలుగు సెకన్లు తిరిగాక అంటుకుంది. బల్ల మీది పానాలు గలగలలాడేంతగా ఊగింది. తెల్లటి పొగ, పచ్చి డీజిలు వాసన. రెండు నిమిషాలకు సర్దుకుంది. వేడెక్కాక పోయే తెల్లపొగంటే డీజిలు లోపలికి వెళ్తోంది గానీ మండడం లేదని అర్థం. చలిలో అది మండడానికి లోపలి గదిని వేడిచేసే హీటరు ప్లగ్గులు నాలుగుంటాయి. ఒక్కొక్కటే విప్పి పరీక్ష చేశాను. మూడు చచ్చిపోయాయి, ఒకటి బతికుంది.

ఆ తర్వాత వాటికి కరెంటు తెచ్చే వైరు చూశాను. ఎవరో కోసేసి, కొసలకు గుడ్డ టేపు చుట్టి, టేపు మీద దారం కట్టారు. టేపు మీద దారం కట్టే అలవాటు నాకు తెలిసి మా బావ ఒక్కడికే ఉంది. ఎయిర్ ఫిల్టరు మూత తీస్తే తియ్యటి మందు వాసన వచ్చింది. అనుమానం తీరక డిక్కీ తెరిచాను. గుడ్డ కింద స్టార్టింగ్ స్ప్రే డబ్బా, సగం వాడింది. బావ చెప్పిన చిట్కా ఇదేనని అర్థమైంది. మళ్లీ గుడ్డ కిందే పెట్టేశాను. కస్టమరు సామాను ముట్టుకోకూడదన్నది మా షెడ్డు నియమం. ఆ నియమం కోసమే పెట్టానని నిన్నటిదాకా నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆ స్ప్రే కొద్దిపాటి వేడికే భగ్గుమంటుంది. హీటర్లు పనిచెయ్యని బండికి గాలి పోయే దారిలో కొడితే ఎలాగో లేస్తుంది. హీటర్లు పనిచేసే బండికి కొట్టనే కూడదు. కొడితే మంట వెనక్కి తన్నుతుంది.

తొమ్మిది గంటలకు బావకు ఫోను చేశాను. "బావా, ఆ వైరు కోసింది నువ్వేనా?" అని అడిగాను.

"నేనే. ఒక ప్లగ్గు బతికుంది కదరా, దానికి స్ప్రే తగిలితే పేలుతుందని కోశాను. మంచికే చేశాను" అన్నాడు. "వాళ్లకు పాడైన బండి అంటగట్టానని ఇప్పుడు నువ్వు దండోరా వెయ్యకు. బాగుచేసి ఇచ్చెయ్, పీడ వదిలిపోతుంది."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. మా అక్క ఆ ఇంట్లోనే బతకాలి. స్ప్రే గురించి మాట్లాడితే వైరు సంగతి వస్తుంది, వైరు సంగతి వస్తే బావ పేరు వస్తుంది. నేను నోరు మెదపకూడదనుకున్నాను.

నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేశాను. వైరు కలిపాను. బుధవారం ఏడు గంటల అయిదు నిమిషాలకు, గురువారం అదే వేళకు చల్లటి ఇంజను మీద చూశాను. రెండుసార్లూ ఒక్క తిప్పుకే లేచింది. వణుకు లేదు, పొగ లేదు. నాకు సంతోషం వేసింది. అది కూడా రాయండి.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు గడియారాలాయన వచ్చారు. తాళం పెట్టగానే వెలిగే దీపం చూపించాను. "ఇది ఆరేదాకా ఆగి అప్పుడు తిప్పాలి. టీచరమ్మగారికి చెప్పండి" అన్నాను. ఆయన జేబులోంచి చిన్న కాగితం తీసి రాసుకున్నారు. ఏం చెప్పినా రాసుకునే మనిషి. రాసుకుని నవ్వుతూ, "మీ బావగారి చిట్కాకు మీ చెయ్యి కూడా తోడైంది. ఇక మాకు దిగులేముంది" అన్నారు.

అప్పుడే చెప్పాల్సింది. రెండు ముక్కల్లో అయిపోయేది. నేను కూడా నవ్వాను. ఆయన వెళ్లిపోయారు.

శుక్రవారం పొద్దున జరిగింది టీచరమ్మ చెప్పగా విన్నది. మంచు బాగా కురిసింది, ఆమెకు బడి వేళ మించిపోతోంది. ఆమె తాళం పెట్టి, దీపం ఆరేదాకా నేను చెప్పమన్నట్టే ఆగారు. ఈలోగా ఆయన బానెట్ ఎత్తి, రోజూ చేసినట్టే ఫిల్టరు మూత పక్కకు జరిపి స్ప్రే కొట్టారు. దీపం ఆరింది. ఆమె తిప్పారు. శబ్దం వీధి చివరిదాకా వినిపించిందట. మంట ఆయన ముఖానికి కొట్టింది.

తొమ్మిదింబావుకు బావ ఫోను చేశాడు. "స్ప్రే వద్దని చెప్పాననెయ్. ఒక్క మాట. మనిద్దరం బయటపడతాం" అన్నాడు. పదకొండు గంటల పది నిమిషాలకు ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో టీచరమ్మ నిలబడి ఉన్నారు. చేతుల్లో ఆయన కళ్లజోడు ఉంది, ఒక అద్దం లేదు. ఎడమ కన్నుకు ఫర్వాలేదని, కుడి కన్ను సంగతి ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అన్నారట. కన్ను లేకపోతే గడియారాల పని లేదు.

"ఒక్కటి చెప్పండి. హీటర్లు బాగయ్యాక స్ప్రే కొట్టకూడదని ఆయనతో చెప్పారా?" అని టీచరమ్మ అడిగారు.

"చెప్పానమ్మా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది. ఆయన రెండు కళ్లకూ కట్టు కట్టి ఉంది. "చెప్పారటండీ. చెప్పినా ఎందుకు కొట్టారు? తాళం తిప్పింది నేను కదండీ, నా చేత్తో నేనే తిప్పాను కదండీ" అని ఆమె ఏడ్చారు.

"చెప్పే ఉంటారులే. పనిమంతుడు, చెప్పకుండా ఉండడు. నేనే పరాకులో రాసుకోవడం మరిచినట్టున్నాను. ఏంటో, ఈమధ్య నాకు మతిమరుపు వస్తున్నట్టుంది" అన్నారు ఆయన. ఆమె కోసం తడుముతూ చెయ్యి చాచి, "నీ తప్పేం లేదు, నా తప్పే" అన్నారు.

నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. లోపలికి వెళ్లలేదు. వెళ్లి ఉండాల్సింది. మెట్లు దిగి వచ్చేశాను.

ఈ ఉదయం ఎనిమిది గంటలకు బయలుదేరుతుంటే మా అక్క వచ్చింది. "తమ్ముడూ, ఎక్కడికి వెళ్తున్నావో నాకు తెలుసు. నా సంసారం గుర్తుందా?" అంది. "గుర్తుంది అక్కా. అందుకే ఇంత పని జరిగింది" అన్నాను. అక్క అరుగు మీద కూలబడింది. ఆమెను అలాగే వదిలి వచ్చాను. ఎనిమిదిన్నరకు ఇక్కడ ఉన్నాను.

వైరు కోసింది మా బావ. తెలిసీ చెప్పనిది నేను. కేసు ఎవరి మీద ఎలా రాస్తారో మీ ఇష్టం.

పైన ఉన్నదంతా నా నోటి మాట. మీరు చదువుతుంటే విన్నాను, మార్చవలసింది ఏమీ లేదు. ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ ఆశపెట్టలేదు. అబద్ధమని తేలితే శిక్షకు సిద్ధం. చివర ఒక విన్నపం చేర్చమన్నాను, మీరు చేర్చారు: గడియారాలాయన చదువుకునే స్థితిలో లేరు కాబట్టి, ఎవరైనా ఈరోజే ఆసుపత్రికి వెళ్లి, టీచరమ్మ పక్కన ఉండగా ఆయనకు ఇది పైకి చదివి వినిపించాలి. అంతా చదివే ఓపిక లేకపోతే ఈ రెండు మాటలు చాలు. ఆయనకు మతిమరుపు లేదు. నేను చెప్పలేదు.

(సంతకం)
డీజిలు మెకానిక్కు
శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు