ఉప్పటి కాఫీ పండు

మొక్కల పరిశోధనశాలలో, ఎండిన కొమ్మలను అట్టలకు కుట్టే గదిలో ఇద్దరున్నారు: వ్యాసం టైపు చేసే ఆమె, అడవి నుంచి మొక్కలు తెచ్చే కుర్రాడు. కొత్త అడవి కాఫీ జాతి మీద వాళ్ళ సార్ వ్యాసం రేపు అచ్చుకు వెళ్ళాలి.

"అక్కా, ‘పండు ఉప్పగా ఉంటుంది’ అన్న వాక్యం కొట్టెయ్."

"ఎందుకు? సార్ స్వయంగా నమిలి చూసి రాయించారు. ఇంకే కాఫీ పండూ అలా ఉండదట."

"ఆ మొక్క నాకెలా దొరికిందో తెలుసా?"

"అడవంతా గాలించానన్నావుగా."

"ఎక్కడి గాలింపు! అర్జెంటై పొద చాటుకెళ్ళాను. పనయ్యాక చూస్తే ఎదురుగా పళ్ళు, తడిసి ఉన్నాయి."

"ఛీ! కడిగావా?"

"తెచ్చిన నమూనాలు కడగొద్దని నువ్వేగా అన్నావు!"

"సార్ రెండు తిన్నార్రా!"

"కొత్త జాతి అనడానికి ఆకుల తేడా చాలదా?"

"చాలు. కానీ ఉప్పు మాట ఎందుకు తీశావని సార్ అడిగితే ఏం చెప్పను?"

"ఇంకో పండు తెస్తా, మళ్ళీ రుచి చూడమందాం."

"సరే, ఇప్పుడే బయల్దేరు. దారిలో మాత్రం నీళ్ళు తాగకు."