అంగుళం మాస్టారు రైళ్ళు ఆపిన రోజు

దర్జీ కొట్టుకీ టీ కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క గోడే. అందుకని అంగుళం మాస్టారి చేతికీ నోటికీ ఒకే చోట పని దొరుకుతుంది. ఏది కనిపించినా టేపు తీసి అంగుళాల్లో చెప్తాడు కాబట్టి అతనికి ఆ పేరు వచ్చింది. కోతలు మాత్రం గజాల్లో కోస్తాడు.

ఆ సాయంత్రం మినీబస్సు డ్రైవరు ఒక కాగితం పట్టుకుని టీ కొట్టుకి వచ్చాడు. ఆదివారం మా వీధివాళ్ళని పట్నం చూపించడానికి తీసుకెళ్తున్నాడు. ఒక్క సీటు మిగిలింది. అది తనకి కావాలని మాస్టారి తల్లి పొద్దున్నే కబురు పెట్టింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, దర్జీ కొట్టు గుమ్మంలో కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతోంది, చెవులు మాత్రం ఇటే వేసి ఉంచింది. మాస్టారేమో వీల్లేదన్నాడు. ఎందుకు మాస్టారూ అని డ్రైవరు అడగడంతో మా సాయంత్రం అతని చేతుల్లోకి వెళ్ళిపోయింది.

“ఎందుకేమిటి, కూర్చో చెప్తా. పోయినేడు అమ్మకి పట్నం చూపించిందెవరు? నేను. ఏదో నలుగురూ వెళ్ళినట్టే వెళ్ళాం, నేనేం గొప్పలు చెప్పుకోను, నా సంగతి మీకు తెలుసుగా. రైలు దిగాం, బయటికొచ్చాం, ఎదురుగా రోడ్డు. రోడ్డంటే మన వీధిలాంటిది కాదు, ఈ పక్కన నిలబడితే ఆ పక్క మనిషి చీమంత. బళ్ళు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి. అమ్మేమో భయంగా ఉంది, చెయ్యి పట్టుకోరా అంటుంది. నేను మెళ్ళోంచి టేపు తీసి ఇలా అడ్డంగా సాగదీసి పట్టుకున్నా. అంతే, మొత్తం ఆగిపోయాయి. సర్కారువారు రోడ్డు కొలుస్తున్నారనుకున్నట్టున్నారు, పోలీసాయన సెల్యూట్ కూడా కొట్టాడు.”

పట్నం చూడ్డానికి వెళ్తూ టేపు మెళ్ళో వేసుకెళ్ళావా అని టీ కొట్టాయన అడిగాడు. నువ్వు ఊరెళ్తూ నాలుక ఇంట్లో పెట్టి వెళ్తావా అని మాస్టారు ఎదురడిగాడు. డ్రైవరు మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ మాస్టారి చొక్కా వైపే చూస్తున్నాడు.

“సరే, రోడ్డు దాటాం. అక్కడుంది గాజు మేడ. అరవై అంతస్తులు. పైకెక్కితే పట్నమంతా కనిపిస్తుందని అమ్మకి అదొక్కటే కోరిక. లిఫ్టు దగ్గర చూస్తే జనం, మూడు వీధులు తిరిగింది వరస. అమ్మ అంతసేపు నిలబడలేదు కదా, వీపున ఎక్కించుకున్నా. అరవై అంతస్తులూ మెట్ల మీదే. నవ్వకండి, అమ్మ బరువెంతని, మా ఇస్త్రీపెట్టె కంటే కాస్త ఎక్కువ. నలభయ్యో అంతస్తులో ఎవరో పెద్దాఫీసరు, ప్యాంటు వెనకాల చిరిగి గోడకి ఆనుకుపోయి ఉన్నాడు. కదిలితే పరువు పోతుంది పాపం. వీపు మీంచి అమ్మ సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది, నేను ఎక్కుతూ ఎక్కుతూనే కుట్టేశా. ఆయనా మాతోబాటు ఎక్కాల్సొచ్చిందనుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“దిగాల్సొచ్చింది,” అన్నాడు టీ కొట్టాయన.

“దిగడం తర్వాత. పైన నిలబడి మేడని కొలిచా. వంకర. తూర్పుకి నాలుగంగుళాలు వాలింది. అంత మేడ కట్టారు, భుజాలు సమంగా లేవు. మేనేజరుని పిలిచి చెప్తే చెమటలు పట్టేశాయి ఆయనకి, మీకు పుణ్యముంటుంది, ఎవరితోనూ అనకండి అన్నాడు. కంగారు పడకయ్యా, పడమటివైపు పదో అంతస్తు దగ్గర రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టు వేయించు, సరిపోతుందన్నా. వేయించారు. ఇప్పుడెళ్ళి చూడండి, నిటారుగా ఉంటుంది.”

గుమ్మంలో దారం పుటుక్కున తెగింది. మాస్టారు అటు చూడలేదు, గొంతు మాత్రం కాస్త పెంచాడు.

“ఇక అసలు సంగతికొస్తా. అమ్మని బస్సెక్కించొద్దని ఎందుకంటున్నానో అప్పుడు తెలుస్తుంది. తిరిగి స్టేషనుకొచ్చాం. ఇరవై రెండు ప్లాట్‌ఫారాలు. మంచినీళ్ళ సీసా కొందామని అటు తిరిగి ఇటు తిరిగేసరికి అమ్మ లేదు.” ఇక్కడ ఒక గుక్క టీ తాగాడు. “పెద్దవాళ్ళు కదా, ఎటో నడిచేస్తారు. ఇంకొకడైతే బెంబేలెత్తిపోయేవాడు. నేనా? సంచీలోంచి ఎర్ర లైనింగు గుడ్డ తీశా, పట్టాల మధ్యకి దిగి ఊపా. ఒక్క రైలు కాదు, ఇరవై రెండూ ఆగిపోయాయి. వచ్చేవి రావడం మానేశాయి, పోయేవి పోవడం మానేశాయి, పక్క ఊళ్ళ స్టేషన్లలో రైళ్ళు కూడా ఎందుకైనా మంచిదని ఆగాయట. మైకు గదిలోకెళ్ళి, కాస్త లేమ్మా అని ఆ అమ్మాయిని లేపి నేనే కూర్చున్నా. మా అమ్మ కనిపించడం లేదు అని ఒక్క మాటే అన్నా. పట్నం పట్నమంతా పని ఆపేసింది. కోర్టులు వాయిదా వేశారు. ఆసుపత్రిలో ఆపరేషను చేస్తున్న డాక్టరు కత్తి కింద పెట్టి వెతకడానికొచ్చాడు, వెనకాలే బల్ల మీది రోగి కూడా వచ్చాడు. మొత్తం నలభై లక్షల మంది వెతికితే, ఎంక్వైరీ దగ్గర బెంచీ మీద తాపీగా కూర్చుని దొరికింది. అదీ సంగతి. ఆదివారం మళ్ళీ తప్పిపోతే రైళ్ళెవరాపుతారు? నువ్వాపుతావా? ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్.”

డ్రైవరు కాగితం మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. తొందరపడే మనిషి కాదు.

“పోయినేడు ఆ రోజు నేనూ ఆ స్టేషన్లోనే ఉన్నట్టున్నా మాస్టారూ. రైలు దిగేవాళ్ళకోసం బండి పెట్టుకుని కూర్చున్నా. మైకులో చెప్పింది విన్నాను. ఆడగొంతే.”

ఏం చెప్పిందని టీ కొట్టాయన అడిగాడు.

“పిల్లాడు తప్పిపోయాడని. గళ్ళ చొక్కా, పైనుంచి మూడో గుండీ తెల్లది, మిగతావన్నీ నీలం. భయపడితే ఎక్కిళ్ళొస్తాయి, కాసిని మంచినీళ్ళిచ్చి ఎంక్వైరీ దగ్గరికి తీసుకురండి, వాళ్ళమ్మ ఇక్కడే ఉంది అని. మూడు గంటలపాటు అదే చెప్పారు. పిల్లాడంటున్నారు కదాని జనమంతా మోకాళ్ళ ఎత్తులో వెతికాం. నేనైతే బెంచీల కింద కూడా దూరా. దొరికాడో లేదోనని ఏడాదిగా మనసులో పీకుతూనే ఉంది.”

అందరం మాస్టారి చొక్కా చూశాం. గళ్ళదే. పైనుంచి మూడో గుండీ తెల్లగా ఉంది. అతను దాన్ని అరచేత్తో కప్పుకున్నాడు, ఏదో చెప్పబోయాడు. ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

తల్లి సూది గుడ్డకి గుచ్చి లేచింది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి కొడుకు చేతికిచ్చింది.

“వాళ్ళు వయసు అడగలేదు నాయనా,” అంది డ్రైవరుతో. “మా పిల్లాడు తప్పిపోయాడన్నాను. గుర్తులు చెప్పమన్నారు, చెప్పాను. యాభై రెండేళ్ళని చెప్పాలని నాకు తోచలేదు.”

మిగతాది ఆవిడ చెప్తే తెలిసింది. వాళ్ళు అసలు స్టేషను దాటి బయటికే రాలేదు. రైలు దిగగానే నీళ్ళ సీసాకని వెళ్ళిన కొడుకు వంతెనలెక్కి దిగి ఎక్కడో చివరి ప్లాట్‌ఫారం మీద తేలాడు. దొరికేసరికి తిరుగు రైలు వేళయింది. పట్నంలో ఆవిడ చూసింది ఎంక్వైరీ బెంచీ ఒక్కటే. అయినా ఏడాదిగా వీధిలో ఎవరడిగినా, మావాడు అన్నీ చూపించాడనే చెప్పుకొచ్చింది.

మాస్టారు నీళ్ళన్నీ తాగాడు. ఈసారి గొంతు పెంచలేదు.

“ఆ మూడు గంటలూ, నిన్ను మళ్ళీ చూడలేనేమో అనుకున్నానమ్మా. నాకు ఇప్పటికీ భయమే. అందుకే వద్దంటున్నా.”

“తెలుసురా. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. కానీ ఆ మేడ నేను చూడాలి. నువ్వు మడిచి కుట్టించిన చోటు ఎలా కుదిరిందో చూసొస్తాను.”

టీ కొట్టాయన నవ్వు ఆపుకోలేక గ్లాసులు కడగడానికి అటు తిరిగాడు. డ్రైవరు కాగితం విప్పి చివరి సీటుకి ఆవిడ పేరు రాసుకున్నాడు. ఆ తర్వాత మాస్టారి మొహం చూసి, సీట్లయితే లేవు గాని నా పక్కన ఇంజను మీద దుప్పటి మడిచి వేస్తా, మీరూ రండి అన్నాడు. మాస్టారు తల్లి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే గుమ్మంలోకి వెళ్ళి కూర్చుని, సూది వెలుతురుకి పట్టుకుని దారం ఎక్కిస్తోంది.

“రమ్మను,” అంది తలెత్తకుండా. “చొక్కా మాత్రం అదే వేసుకోమను.”